యౌవనస్థుల మానసిక ఆరోగ్యం – ఆన్‌లైన్‌లో తోటివారి ఆదరణ: జీడిమెట్ల నేపథ్యంలో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

మనసు కుంగిన యౌవనస్థుడు తన బాధను మొదట చెప్పుకునేది సాధారణంగా తన ఈడువానితోనే. డాక్టరు దగ్గరకు వెళ్లాలనే ఆలోచన అప్పటికి అతనికి రాదు. కన్నవారికి చెబితే కంగారుపడతారనీ, సంఘకాపరికి చెబితే నలుగురికీ తెలుస్తుందనీ సందేహిస్తాడు. రాత్రి బాగా పొద్దుపోయాక ఫోనులో స్నేహితునికి రెండు ముక్కలు టైపు చేస్తాడు. వాటిని చదివే స్నేహితునికి కూడా పదిహేడో పద్దెనిమిదో ఏళ్లుంటాయి. ఏమని జవాబివ్వాలో అతనికి ఎవరూ నేర్పలేదు. పైగా "ఎవరికీ చెప్పకు" అనే ఒట్టు ఒకటి అతని మీద పడుతుంది.

ఇటువంటి సంభాషణలు పెద్దల అనుమతి కోసం ఆగడం లేదు. అవి ప్రతి రాత్రి జరుగుతూనే ఉన్నాయి. కాబట్టి ఆన్‌లైన్‌లో తోటివారి ఆదరణ మంచిదా చెడ్డదా అని వాదించడం కంటే, అది క్షేమంగా జరగడానికి ఏమి కావాలో ఆలోచించడం ఎక్కువ ప్రయోజనకరం. ఈ వ్యాసంలో ముందుగా సమస్య తీవ్రతను, తోటివారి ఆదరణ అనే మాటకు అర్థాన్ని, దాని చరిత్రను క్లుప్తంగా చూద్దాం. ఆ తరువాత జీడిమెట్ల పరిసరాల యౌవనస్థుల స్థితిగతులను దృష్టిలో ఉంచుకొని దాని మేలు కీడులను, హద్దులను, అవసరమైన ఏర్పాట్లను పరిశీలిద్దాం.

1. సమస్య తీవ్రత

బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015–16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే నిర్వహించింది. 13 నుండి 17 ఏళ్ల వయసువారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నదని అది లెక్క కట్టింది. మానసిక రుగ్మతలున్నవారిలో, రుగ్మతను బట్టి, 70 నుండి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని కూడా తేల్చింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ గాని తెలంగాణ గాని లేవు. అందువల్ల మన పిల్లల గురించి మాట్లాడేటప్పుడు ఈ అంకెలను సూచనగా మాత్రమే తీసుకోవాలి.

జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2022లో దేశం మొత్తం మీద 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో 13,044 మంది విద్యార్థులు. పరీక్ష తప్పడమే కారణమని నమోదైన మరణాలు 2,248. ఏ ఆత్మహత్యకూ ఒకే కారణం ఉండదని మానసిక వైద్యులు పదే పదే చెబుతారు. అయినా మన ప్రాంతంలో పరీక్షా ఫలితాల రోజు ఎంత బరువైనదో ఎవరికీ చెప్పనక్కరలేదు. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియెట్ ఫలితాలు వచ్చినప్పుడు మార్కుల నమోదులో తప్పులు దొర్లాయి. 99 మార్కులు వచ్చిన విద్యార్థినికి సున్నా అని చూపించిన సంగతి అప్పట్లో అందరూ చదివారు. తరువాతి రోజులలో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. తప్పిన వారందరి జవాబు పత్రాలను తిరిగి పరిశీలించవలసిందిగా ప్రభుత్వం ఆదేశించింది. మార్కులను సరిదిద్దగలిగారు గాని, ఆ కొద్ది రోజులు ఆ పిల్లలు ఎవరితో ఏమి చెప్పుకున్నారో, విన్నవారు ఏమన్నారో ఏ విచారణా అడగలేదు.

విశాఖపట్నంలో వైద్య ప్రవేశ పరీక్షకు శిక్షణ పొందుతున్న పదిహేడేళ్ల విద్యార్థిని 2023లో మరణించింది. ఆ కేసులో సుప్రీం కోర్టు 2025 జూలై 25న తీర్పు చెబుతూ దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది లేక అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి సంస్థా అర్హత గల ఒక కౌన్సెలరునైనా నియమించాలనీ, సహాయ ఫోను నంబర్లను హాస్టళ్లలోను తరగతులలోను అందరికీ కనబడేలా పెట్టాలనీ అందులో ఉంది. ఈ తీర్పు పెద్దలు చేయవలసిన పనిని చెప్పింది. అయితే గోడ మీది నంబరుకూ గదిలో కుమిలిపోతున్న విద్యార్థికీ మధ్య కొంత దూరం ఉంటుంది. ఆ దూరాన్ని దాటించేవాడు చాలాసార్లు పక్క మంచం మీది స్నేహితుడే.

2. "తోటివారి ఆదరణ" అంటే ఏమిటి?

కౌన్సెలింగ్ శిక్షణ పొందిన నిపుణుడు చేసే పని. అందులో ఒకరు సహాయం ఇచ్చేవారు, మరొకరు పుచ్చుకునేవారు. స్నేహంలో అటువంటి విభజన లేదు, నియమాలూ లేవు. తోటివారి ఆదరణ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. అంతటి బాధనే లేక అటువంటి పరిస్థితినే ఎరిగిన వ్యక్తి, కొంత శిక్షణతో, కొన్ని నియమాలకు లోబడి, సమానునిగా తోడు ఉండడమే దాని సారం. అతడు రోగ నిర్ణయం చేయడు, మందులు చెప్పడు, తీర్పు తీర్చడు. వింటాడు, వెంట ఉంటాడు, అవసరమైనప్పుడు పైవారి దగ్గరకు తీసుకువెళతాడు.

మన తెలుగువారికి ఇది పూర్తిగా కొత్త సంగతి కాదు. చావు జరిగిన ఇంటికి పరామర్శకు వెళ్లినవారు ఎక్కువగా మాట్లాడరు. చాప మీద కూర్చుంటారు, చేయి పట్టుకుంటారు, కాసేపుండి లేస్తారు. వచ్చి కూర్చోవడమే అక్కడ మాట. మరణానికి మనకు ఇంత చక్కని మర్యాద ఉంది గాని, బ్రతికి ఉండి లోలోపల కుంగిపోతున్నవానికి అటువంటి పరామర్శ లేదు. అతనికి ఎక్కువగా దొరికేది సలహా.

3. చారిత్రక నేపథ్యం

1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో మద్యానికి బానిసలైన ఇద్దరు వ్యక్తులు, ఒక వ్యాపారి, ఒక శస్త్రవైద్యుడు, ఒకరి అనుభవాన్ని ఒకరు వినడం ద్వారా తాగుడుకు దూరంగా ఉండగలిగారు. దాని నుండి ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది. పేరు చెప్పనక్కరలేదు, ఎవరూ ఎవరికీ గురువు కారు అన్న రెండు నియమాలు అప్పటి నుండి తోటివారి ఆదరణకు పునాదిగా నిలిచాయి.

అదే 1935లో ఇంగ్లండులో చాడ్ వరా అనే యువ ఆంగ్లికన్ గురువు తన మొదటి భూస్థాపన ఆరాధన జరిపించాడు. చనిపోయినది కౌమార ప్రాయంలోని బాలిక. ఆమెకు ఋతుస్రావం మొదలైంది. అది ఏదో సుఖవ్యాధి అనుకొని భయపడి ప్రాణం తీసుకుంది. అడగడానికి ఆమెకు ఎవరూ లేరు. ఆ మరణం వరాను వదలలేదు. 1953 నవంబరులో లండనులోని సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ దేవాలయంలో ఒక టెలిఫోను పెట్టి, చావు ఆలోచనలు కలిగినవారు మాట్లాడవచ్చునని ప్రకటించాడు. "సమారిటన్స్" అనే పేరును ఒక దినపత్రిక పెట్టింది.

ఆ దేవాలయంలో జరిగిన సంగతి మన అంశానికి ముఖ్యమైనది. వరాను కలవడానికి వచ్చినవారు తమ వంతు కోసం బయట గదిలో కూర్చునేవారు. వారికి టీ ఇవ్వడానికి కొందరు స్వచ్ఛంద సేవకులు ఉండేవారు. వారితో మాట్లాడిన తరువాత చాలామంది గురువును కలవకుండానే తేలికపడిన మనసుతో వెళ్లిపోవడం వరా గమనించాడు. 1954 ఫిబ్రవరిలో వినే పనిని ఆ సేవకులకే అప్పగించి, తాను పర్యవేక్షణకు పరిమితమయ్యాడు. అంటే ఈ పద్ధతిలో మొదటి నుండీ రెండు భాగాలున్నాయి: వినేవారు సామాన్యులు, వారి వెనుక మరొకరు ఉన్నారు. రెండవ భాగాన్ని మరచిపోతే మొదటిది నిలవదు.

ఈ ఉద్యమపు శాఖలు మన దేశానికీ వచ్చాయి. మానసిక వైద్యురాలు లక్ష్మీ విజయకుమార్ 1986లో చెన్నైలో స్నేహ సంస్థను ప్రారంభించారు. సికింద్రాబాదులో 1997 నుండి రోష్ని సంస్థ స్వచ్ఛంద సేవకులతో ఇదే పని చేస్తూ వస్తోంది. సమారిటన్స్ 1994లోనే ఈమెయిల్ ద్వారా వినడం మొదలుపెట్టారు. ఆస్ట్రేలియాలో రీచ్‌అవుట్ అనే సంస్థ 1990ల చివరి నుండి యువతకు ఆన్‌లైన్‌లో మానసిక ఆరోగ్య సహాయం అందిస్తోంది. కనుక తెర మీద తోడుగా ఉండడం అనే ఆలోచనకు మూడు దశాబ్దాల అనుభవం ఉంది.

నిపుణులు కానివారు ఇటువంటి పని చేయగలరా అని సందేహించేవారికి జింబాబ్వే ఉదాహరణ చెప్పవచ్చు. అక్కడ డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006లో "స్నేహపు బల్ల" అనే అర్థం వచ్చే పేరుతో ఒక కార్యక్రమం ప్రారంభించాడు. ఆరోగ్య కేంద్రం ఆవరణలో చెట్టు క్రింద ఒక బల్ల వేసి, శిక్షణ పొందిన అవ్వలను కూర్చోబెట్టాడు. హరారే నగరంలోని 24 కేంద్రాలలో 573 మందిపై జరిగిన పరిశీలన 2016లో ప్రచురితమైంది. ఆరు నెలల తరువాత చూస్తే, మామూలు వైద్యం పొందినవారి కంటే ఆ బల్ల దగ్గర కూర్చున్నవారిలో కుంగుబాటు లక్షణాలు బాగా తగ్గాయి. వారి షోనా భాషలో ఈ బాధకు పేరు "కుఫుంగిసిస". అతిగా ఆలోచించడం అని దానికి అర్థం. "ఊరికే ఆలోచనలు వస్తున్నాయి" అని మన పిల్లలు చెప్పే మాట దానికి దగ్గరగానే ఉంది. అక్కడి అవ్వలకు ముందుగా శిక్షణ ఉంది, పైన పర్యవేక్షణ ఉంది, ప్రమాదం కనబడితే పంపడానికి వైద్యుడున్నాడు. ఆన్‌లైన్‌లో ప్రారంభించే బృందాలు చాలావరకు ఈ మూడింటినీ విడిచిపెట్టి బల్లను మాత్రం తెచ్చుకుంటున్నాయి.

4. జీడిమెట్ల పరిసరాలలో యౌవనస్థులు

జీడిమెట్ల ఇప్పుడు మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఉంది. మందుల, రసాయనాల, యంత్ర పరికరాల కర్మాగారాలు నిండిన పారిశ్రామికవాడగా దానికి పేరు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి నగరానికి మరొక ముఖం వచ్చింది. జీడిమెట్లలో ఫ్యాక్టరీ షిఫ్టుకు వెళ్లే తండ్రి తన బిడ్డను హైటెక్ సిటీలో ఉద్యోగిగా చూడాలనుకుంటాడు. ఈ రెండు చోట్ల మధ్య దూరం పదిహేను కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. కాని ఆ దూరాన్ని దాటడానికి ఒక కుటుంబం తన సంపాదన అంతా, ఒక బిడ్డ తన కౌమారమంతా ఖర్చు చేయవలసి వస్తోంది.

ఈ ప్రాంతపు యౌవనస్థులను ఒకే గుంపుగా చూడకూడదు. షాపూర్‌నగర్, చింతల్, గాజులరామారం, జగద్గిరిగుట్ట వైపు అద్దె గదులలో ఉండే కార్మిక కుటుంబాల పిల్లలున్నారు. శ్రీకాకుళం వంటి జిల్లాల నుండి, ఒడిశా, బీహారు వంటి రాష్ట్రాల నుండి పనికి వచ్చిన యువకులున్నారు. వారికి ఇక్కడ బంధువులు లేరు, కొందరికి భాష కూడా రాదు. బాచుపల్లి, నిజాంపేట వైపు రెసిడెన్షియల్ కళాశాలలలో ఇంటర్ చదివేవారున్నారు. ఇంజనీరింగు పూర్తిచేసి ఉద్యోగం కోసం ఎదురుచూసేవారూ, ఉద్యోగం దొరికి రాత్రి షిఫ్టులలో పనిచేసేవారూ ఉన్నారు.

ఒకే గదిలో నలుగురు ఉండే ఇంటిలో అమ్మాయి సహాయ కేంద్రానికి ఫోను చేసి "నాకు బ్రతకాలని లేదు" అని పైకి అనగలదా? అనలేదు. కాని దుప్పటి క్రింద టైపు చేయగలదు. పేదవాడల యౌవనస్థులకు ఆన్‌లైన్ సంభాషణ ఇంటిలో దొరికే ఏకైక ఏకాంతం. అయితే ఆ ఫోను ఆమెది మాత్రమే కాకపోవచ్చు. తమ్ముడు ఆటలాడేదీ, తల్లి ఊరికి మాట్లాడేదీ అదే ఫోను కావచ్చు. అర్ధరాత్రి పంపిన జవాబు ఉదయం తండ్రి కంటపడవచ్చు. కాబట్టి ఆదరించేవాడు ముందుగా అడగవలసినది "ఈ ఫోను ఇంకెవరైనా చూస్తారా? ఏ వేళలో రాయమంటావు?" అన్న ప్రశ్న.

ఇక రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలలలో అనేక చోట్ల విద్యార్థి చేతిలో ఫోను ఉండటానికి వీలు లేదు. అత్యధిక ఒత్తిడి ఉన్నచోటికి ఆన్‌లైన్ ఆదరణ చేరనే చేరదు. అక్కడ తోటివారి ఆదరణ ముఖాముఖిగానే జరగాలి. ఆన్‌లైన్ పద్ధతిని గూర్చి ఉత్సాహపడేవారు ఈ సంగతిని మరువరాదు.

5. తెర వల్ల మేలు, కీడు

మేలును ముందు చెప్పుకుందాం. ముఖం కనబడదు గనుక సిగ్గు తగ్గుతుంది. కూకట్‌పల్లి హాస్టలులో ఉన్నవాడు తన ఊరివారికి తెలియకుండా మాట్లాడగలడు. సమయంతో పని లేదు. తనవంటి బాధ మరొకరికీ ఉన్నదని తెలియడమే ఒక ఊరట. కొంతమందికి ఈ సంభాషణ వైద్యుని దగ్గరకు వెళ్లడానికి తొలి మెట్టు అవుతుంది. "నేను కూడా వెళ్లాను, ఏమీ కాలేదు" అని తోటివాడు చెప్పిన మాటకు ఉన్న బలం ఏ ప్రకటనకూ లేదు.

కీడులు కూడా స్పష్టంగానే ఉన్నాయి. మొదటిది, కలిసి మథనపడటం. ఒకే బాధను ఇద్దరు స్నేహితులు గంటల తరబడి తిరగేసి మాట్లాడుకుంటే స్నేహం గట్టిపడుతుంది గాని దిగులు కూడా పెరుగుతుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త అమాండా రోజ్ 2002లో వెల్లడించింది. రెండవది, అనుకరణ. ఆత్మహత్యను గూర్చిన వివరాలు ప్రచారమైతే మరణాలు పెరుగుతాయని 1974లో డేవిడ్ ఫిలిప్స్ అధ్యయనం చూపించింది. అందువల్లనే పద్ధతులను వర్ణించే ఏ మాటనూ బృందంలో ఉండనివ్వకూడదు. మూడవది, మౌనం. ఎదురుగా కూర్చున్నవాని మౌనంలో కన్నీళ్లు కనబడతాయి. తెర మీద మౌనం అంటే నిద్రపోయాడో, ఫోను ఛార్జింగు అయిపోయిందో, ప్రమాదంలో ఉన్నాడో తెలియదు. నాలుగవది, వేషం. సహాయం పేరుతో వచ్చి ఆడపిల్లల బలహీనతను వాడుకునేవారు ఉంటారు. ఒంటరిగా జరిగే ప్రతి సంభాషణకూ ఈ ప్రమాదం ఉంది.

ఇటీవల కొందరు యౌవనస్థులు కృత్రిమ మేధస్సుతో నడిచే సంభాషణ యంత్రాలకు తమ బాధ చెప్పుకుంటున్నారు. యంత్రం ఎప్పుడూ విసుక్కోదు, ఎవరికీ చాడీలు చెప్పదు, నిజమే. కాని అది ఆ బాధను అనుభవించి దాటినది కాదు, రేపు ఉదయం వచ్చి తలుపు తట్టలేదు. తోటివారి ఆదరణలో పనిచేసేది అనుభవం, రాక అనే ఈ రెండే.

6. వినడం ఎలా?

యోబు గ్రంథంలోని స్నేహితులు ముగ్గురూ, ఎలీఫజు, బిల్దదు, జోఫరు, మన పాఠకులకు తెలిసినవారే. వారు ఏడు పగళ్లు ఏడు రాత్రులు యోబు పక్కన నేల మీద మౌనంగా కూర్చున్నంతవరకు మంచి స్నేహితులు. నోరు తెరచి కారణాలు చెప్పడం మొదలుపెట్టిన నాటి నుండి అతనికి మరింత భారమయ్యారు. తెర మీద ఆదరించేవారు చేసే పొరపాటు చాలాసార్లు ఇదే. బాధ చదివిన మరుక్షణం జవాబు పంపాలనే ఆత్రం వారిని వివరణలోకి, సలహాలోకి నెడుతుంది.

మన యౌవనస్థుల భాషను కూడా గమనించాలి. "డిప్రెషన్" అనే మాటను వారు సరదాకు కూడా వాడతారు. నిజంగా బాధ ఉన్నప్పుడు "మూడ్ బాగోలేదు", "నిద్ర పట్టట్లేదు", "ఏం లేదురా" అంటారు. దానికి హైదరాబాదులో తరచుగా వినబడే జవాబు "లైట్ తీస్కో మామా". అన్నవాని ఉద్దేశం ప్రేమే. కాని విన్నవానికి "నీ బాధ లెక్కలోనిది కాదు" అని వినబడుతుంది. "మా నాన్న నన్ను ఇంతకంటే ఎక్కువ కొట్టేవాడు" అనే పోలికలు, "ప్రార్థన తక్కువైంది" అనే తీర్పులు, "మీ అమ్మను తలచుకో" అనే ఒత్తిడి కూడా అంతే.

దానికి బదులుగా ఏమి రాయవచ్చు? "చెప్పు, వింటున్నాను." "ఎన్నాళ్ల నుండి ఇలా ఉంది?" "చాలా బరువుగా ఉన్నట్టుంది." "ఇప్పుడు ఎక్కడున్నావు? పక్కన ఎవరైనా ఉన్నారా?" ఇవి చిన్న మాటలు, వీటికి పాండిత్యం అక్కరలేదు. మాట మరీ చీకటిగా మారినప్పుడు "చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అని సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అన్న భయం చాలామందికి ఉంది. పరిశోధనలు ఆ భయాన్ని సమర్థించడం లేదు. సూటిగా అడిగినప్పుడు చాలామంది తమ భారాన్ని ఎవరో గుర్తించారని ఊరట పొందుతారు.

7. రహస్యం, హద్దులు

నమ్మకం లేనిదే ఆదరణ లేదు. మన మధ్య రహస్యం ఎక్కువగా చెడేది దురుద్దేశం వల్ల కాదు, మంచి ఉద్దేశం వల్లనే. ఒక యౌవనస్థురాలు నాయకునికి చెప్పిన సంగతి పేరుతో సహా వాట్సాప్‌లో "ప్రార్థన అంశం"గా వెలువడితే, ఆ సాయంత్రానికి అది ఆమె మేనత్తకు చేరుతుంది. ఆ తరువాత ఆ సంఘంలో ఏ యౌవనస్థుడూ నోరు విప్పడు. కాబట్టి పేరు గాని, గుర్తు పట్టే వివరం గాని, తెరను తీసిన ఫోటో గాని బయటకు వెళ్లరాదు.

అయితే రహస్యానికి మూడు మినహాయింపులున్నాయి. వాటిని మొదటి సంభాషణలోనే చెప్పాలి. ఒకటి, ప్రాణానికి ప్రమాదం ఉన్నప్పుడు. రెండు, మరొకరికి హాని తలపెట్టినప్పుడు. మూడు, పద్దెనిమిదేళ్లలోపు వారిపై లైంగిక అత్యాచారం బయటపడినప్పుడు. ఈ మూడవదానిలో మనకు ఎంపిక లేదు. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం సంగతి తెలిసిన వ్యక్తి పోలీసులకు తెలియజేయాలి. తెలియజేయకపోతే శిక్ష ఉంది. ఆ శిక్ష బాలలకు వర్తించదు, పర్యవేక్షించే పెద్దలకు వర్తిస్తుంది. కాబట్టి పదహారేళ్ల ఆదరకురాలు ఆ భారాన్ని వెంటనే పెద్దలకు అప్పగించగల మార్గం ముందే ఉండాలి.

"ఎవరికీ చెప్పను" అని ఒట్టు పెట్టడానికి బదులు "నీకు చెప్పకుండా ఎవరికీ చెప్పను, కాని నీ ప్రాణం మీదికి వస్తే పెద్దవారిని పిలుస్తాను" అనడం నేర్పాలి. ఈ ఒక్క వాక్యం ఇద్దరినీ కాపాడుతుంది.

పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఆత్మహత్యా ప్రయత్నాన్ని దాచిపెట్టే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. 2018 మే నుండి అమలులోకి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించి సంరక్షణ ఇవ్వాలని చెబుతుంది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షను వంటిది లేదు. ఈ సమాచారం తోటివారికి తెలిసి ఉంటే ఆసుపత్రికి తీసుకువెళ్లడంలో ఆలస్యం తగ్గుతుంది.

పైవారి దగ్గరకు పంపడానికి మార్గాలున్నాయి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ సేవ 14416 నంబరు మీద రాత్రింబగళ్లు ఉచితంగా, తెలుగులో కూడా లభిస్తుంది. బాలల కోసం 1098 ఉంది. ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ పేరుకు మన వాడుకలో అంటుకున్న అపహాస్యాన్ని వదిలించడం కూడా ఈ పరిచర్యలో భాగమే. "ఎర్రగడ్డకు పంపాలి" అని హాస్యమాడే చోట ఎవరూ ఎర్రగడ్డకు వెళ్లరు.

8. వినేవారి క్షేమం, కొన్ని ఏర్పాట్లు

ఇంతవరకు బాధపడేవానిని గూర్చి ఆలోచించాము. వినేవాని సంగతి ఏమిటి? పరీక్షల నెలలో రోజూ రెండు గంటల వరకు మేలుకొని స్నేహితుని మాటలు చదివే విద్యార్థికి కూడా చదువు ఉంది, నిద్ర ఉంది, తన బాధలూ ఉన్నాయి. స్నేహితుడు దక్కకపోతే, "ఆ రాత్రి నేను జవాబివ్వలేదు" అనే నింద అతణ్ణి జీవితాంతం వెంటాడవచ్చు. ఏ యౌవనస్థునికీ మరొకరి ప్రాణాన్ని ఒంటరిగా మోసే బాధ్యత ఇవ్వకూడదు. ఈ సూత్రం ఆధారంగా, ఒక సంఘం గాని కళాశాల గాని హాస్టలు గాని ప్రారంభించదలచిన బృందానికి ఈ క్రింది ఏర్పాట్లు కనీస అవసరాలని చెప్పవచ్చు.

మొదటిది, ఎంపిక. మాటకారిని గాక ఓపికగా వినేవారిని తీసుకోవాలి. ఇటీవలనే తీవ్రమైన బాధ నుండి తేరుకున్నవారికి కొంత కాలం విశ్రాంతి ఇవ్వాలి. ఆడపిల్లలకు ఆడపిల్లలే తోడుగా ఉండటం మేలు.

రెండవది, శిక్షణ. వినడం, ప్రమాద సూచనలను గుర్తించడం, పంపించడం అనే మూడింటినీ అర్హత గల నిపుణుని చేత నేర్పించాలి. ఉపన్యాసం కంటే సంభాషణల అభ్యాసం ఎక్కువగా ఉండాలి.

మూడవది, వేళలు. బృందం ఏ సమయంలో పలుకుతుందో స్పష్టంగా రాయాలి. ఆ సమయం దాటాక ఎవరైనా రాస్తే 14416 నంబరుతో కూడిన జవాబు వెంటనే వెళ్లేలా ఏర్పాటు చేయాలి. రాత్రంతా పలుకుతామని చెప్పి పలకకపోవడం ప్రమాదకరం.

నాలుగవది, పర్యవేక్షకుడు. వినేవారు తమకు బరువైన సంగతిని అదే రోజు చెప్పుకోగల పెద్దవ్యక్తి ఒకరు ఉండాలి. వారానికొకసారి వారందరూ కూడి, పేర్లు లేకుండా, తమ అనుభవాలు పంచుకోవాలి. "ఈ నెల నేను వినలేను" అని చెప్పి తప్పుకునే స్వేచ్ఛ ప్రతివారికీ ఉండాలి.

ఐదవది, సమాచారం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వారందరినీ బాలలుగా పరిగణిస్తుంది. కాబట్టి అవసరం లేని వివరాలను అడగకపోవడం, పాత సంభాషణలను నిలువ చేయకపోవడం శ్రేయస్కరం.

ఆరవది, రాక. ఆన్‌లైన్‌లో మొదలైన పరిచయం, ఆ వ్యక్తి అంగీకరిస్తే, మెల్లగా ముఖాముఖి సహవాసం వైపు నడవాలి. ఒక టీ, ఒక నడక, ఆసుపత్రి ఓపీ వరుసలో పక్కన నిలబడటం: ఇవి తెర ఇవ్వలేనివి.

ముగింపు

తోటివారి ఆదరణ వైద్యానికి బదులు కాదు. తీవ్రమైన కుంగుబాటుకు మందులు, చికిత్స కావాలి. కార్మికుని జీతం, కళాశాల ఒత్తిడి, ఉద్యోగ భయం వంటి మూలకారణాలను స్నేహపూర్వకమైన సందేశాలు మార్చలేవు. ఈ పద్ధతి మీద మితిమీరిన ఆశ పెట్టుకుంటే ప్రభుత్వాలూ యాజమాన్యాలూ చేయవలసిన పనిని పిల్లల భుజాల మీదికి నెట్టినవారమవుతాము. కౌన్సెలరును నియమించని కళాశాల "విద్యార్థులే ఒకరినొకరు చూసుకుంటారు" అని చెప్పుకోవడం ఆదరణ కాదు, తప్పించుకోవడం.

అయినా తొలి మాట చెప్పుకునేది తోటివానితోనే గనుక, ఆ తోటివానిని సిద్ధపరచడం మన చేతిలో ఉన్న పని. దానికి భవనం అక్కరలేదు, పెద్ద ఖర్చు లేదు. వచ్చే యౌవనస్థుల కూడికలో ఒక గంట కేటాయించి మూడు సంగతులు నేర్పితే చాలు: ఎలా వినాలి, ఏ మాట అనకూడదు, ఎప్పుడు ఎవరిని పిలవాలి. ఆ గంట చివర ప్రతి ఒక్కరి చేత 14416 నంబరును తమ ఫోనులో రాయించాలి. తమ ప్రాంతంలో రాత్రివేళ కూడా ఫోను ఎత్తే ఒక పెద్దవ్యక్తి పేరును దాని ప్రక్కన రాయించాలి. ఆ పేరు రాయడానికి ఎవరూ గుర్తుకు రాని చోట, పెద్దలమైన మనం ముందుగా చేయవలసిన పని ఏమిటో అక్కడే తెలుస్తుంది.